డిగ్రీకి విలువ ఎక్కడి నుంచి వస్తుంది?
కొత్త కోర్సులు, మారిన కోర్సులు, పాలకమండలి ఆమోదం: మనం తెలుసుకోవలసిన పాఠం



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు కాలం విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. అంతలో ఒక రోజు రాత్రి భోజనాలయ్యాక డిగ్రీ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. “అన్నా, మాది సింగిల్ మేజర్ డిగ్రీ కదా, ఇది చెల్లుతుందంటావా? మా మామ చెల్లదంటున్నాడు. చదువు నిలిపేసి పనిలో చేరమంటున్నాడు” అని అడిగాడు. వాళ్ల ఇంట్లో డిగ్రీ వరకు వచ్చినవాడు అతనొక్కడే. మా ఇళ్లలోనూ అంతే. కాలేజీలో ఒక మాట అనుమానంగా వినిపిస్తే ఇంటికి పోయి అడగడానికి చదువుకున్న మనిషి ఉండడు. అప్పుడు బస్టాండులో విన్న మాటే మనకు సలహా అవుతుంది.

ఆ తమ్ముడికి ఆ రాత్రి మేము సగం జవాబే చెప్పగలిగాం. మిగతా సగం తెలుసుకుని ఈ వ్యాసం రాస్తున్నాం. ఒక డిగ్రీ కోర్సు ఎలా పుడుతుంది, ఎవరు ఆమోదిస్తారు, దాన్ని మధ్యలో మారిస్తే మన గతేమిటి అన్నవే ఇందులోని విషయాలు.

డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరిది?

మనలో చాలామంది “ఫలానా కాలేజీ డిగ్రీ” అంటాం. నిజానికి కాలేజీ డిగ్రీ ఇవ్వదు. కాలేజీ పాఠం చెబుతుంది, డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం. 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చట్టంలో 22వ సెక్షన్ ఈ సంగతిని స్పష్టంగా చెబుతుంది. పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. ఆ డిగ్రీ పేరు కూడా ఎవరికి తోచినట్టు వారు పెట్టుకోవడానికి వీల్లేదు. యు.జి.సి. గెజిట్‌లో ప్రకటించిన పేర్లలో అది ఉండాలి. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ., బి.సి.ఏ., బి.వొకేషనల్ లాంటివన్నీ అలా ప్రకటించిన పేర్లే.

స్వయంప్రతిపత్తి గల కాలేజీలు, అంటే అటానమస్ కాలేజీలు, సిలబస్ తామే తయారు చేసుకుంటాయి, పరీక్షలు తామే పెట్టుకుంటాయి. అయినా వారి విద్యార్థులకు కూడా పట్టా ఇచ్చేది మాతృ విశ్వవిద్యాలయమే. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం మోసాల నుంచి తప్పించుకోవచ్చు.

మన ప్రాంతానికి విశ్వవిద్యాలయం ఎలా వచ్చింది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకు విశ్వవిద్యాలయం అంటే అనంతపురమే గుర్తుకొస్తుంది. మన మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా, చదువుల దారి మాత్రం అనంతపురం వైపే సాగుతోంది. ఆ దారి ఊరికే పడలేదు.

అనంతపురంలో 1916లో సీడెడ్ జిల్లాల కళాశాల మొదలైంది. నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. ఆ రోజుల్లో డిగ్రీ ఇచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా రాయలసీమ ఊళ్లకు అది దూరమే అయింది. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య జరిగిన శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. రాసుకున్నంత త్వరగా పని జరగలేదు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కింద 1968లో అనంతపురంలో పి.జి. కేంద్రం తెరిచారు. ఆ కేంద్రమే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. అంటే కాగితం మీది మాట విశ్వవిద్యాలయంగా నిలబడడానికి 44 ఏళ్లు పట్టింది.

తర్వాత కూడా మార్పులు ఆగలేదు. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. ఇంజనీరింగ్ సంగతి చూస్తే, 1946లో మద్రాసులోని గిండీలో మొదలై 1948లో అనంతపురం చేరిన కళాశాల, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు జె.ఎన్.టి.యు. అనంతపురం ప్రత్యేకంగా వచ్చింది. ఇన్నిసార్లు పేర్లు మారినా, ముందు పట్టా తీసుకున్నవారి పట్టా చెల్లకుండా పోలేదు. ఎందుకంటే ప్రతి మార్పూ చట్టం ద్వారా జరిగింది. పాతవారి హక్కు ఏమవుతుందో ఆ చట్టంలోనే రాస్తారు. పద్ధతి ప్రకారం వచ్చిన మార్పును చూసి భయపడనక్కరలేదు. పద్ధతి లేకుండా వచ్చిన వాగ్దానాన్ని చూసే భయపడాలి.

ఒక కోర్సు పుట్టే దారి

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం నడుస్తాయి. అందులో మనకు కావలసిన పేర్లు మూడు. బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ సెనేట్, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌నే పత్రికలు పాలకమండలి అని రాస్తాయి.

ఈ మూడూ ఏం చేస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం. మనది పట్టు నేల. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. ధర్మవరం చీర పేరు చెబితే చాలు, ఊరి పేరు వేరే చెప్పనక్కరలేదు. మన ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీ పట్టుపరిశ్రమ ప్రధాన సబ్జెక్టుగా కొత్త బి.ఎస్సీ. కోర్సు పెట్టాలనుకుందనుకోండి. ఇది ఉదాహరణ కోసం అనుకుంటున్నది మాత్రమే.

మొదటి మెట్టు అవసరం. ఎంతమంది చేరతారు, చదివాక ఏం చేస్తారు, ల్యాబు, మల్బరీ తోట, అధ్యాపకులు ఉన్నారా అన్న ప్రశ్నలకు కాలేజీ కాగితం మీద జవాబు రాయాలి.

రెండో మెట్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్. ఒక్కొక్క సబ్జెక్టుకు ఒక్కొక్క బోర్డు ఉంటుంది. ఆ సబ్జెక్టు ప్రొఫెసర్లు, కాలేజీ అధ్యాపకులు, బయటి విశ్వవిద్యాలయాల నిపుణులు అందులో కూర్చుంటారు. ఏ సెమిస్టరులో ఏ పేపరు, దానికి ఎన్ని క్రెడిట్లు, ప్రాక్టికల్స్ ఎన్ని, ఏ పుస్తకాలు చదవాలి అన్నది వీరే తయారు చేస్తారు. క్రెడిట్ అంటే చాలామందికి అర్థం కాదు. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా పాఠం వింటే ఒక క్రెడిట్, అంటే సుమారు 15 గంటలు. ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలు చేస్తే ఒక క్రెడిట్. కాబట్టి నాలుగు క్రెడిట్ల పేపరు అంటే 60 గంటల చదువు. ఇది తెలిస్తే మనకు ఎన్ని గంటల పాఠం రావాలో మనమే లెక్క వేసుకోవచ్చు.

మూడో మెట్టు అకడమిక్ సెనేట్. ఇది చదువుకు సంబంధించిన మంచిచెడులు చూసే సభ. ఈ కోర్సు మిగతా కోర్సుల స్థాయికి తగినట్టు ఉందా, చదివినవారు ఏ పి.జి.కి అర్హులవుతారు, పరీక్షల నియమాలు సరిగా ఉన్నాయా అని పరిశీలిస్తుంది.

నాలుగో మెట్టు పాలకమండలి. వైస్ ఛాన్సలర్ అధ్యక్షతన జరిగే ఈ సమావేశంలో ప్రభుత్వ శాఖల అధికారులు, అధ్యాపక వర్గం నుంచి వచ్చినవారు, ప్రభుత్వం నియమించిన సభ్యులు ఉంటారు. విశ్వవిద్యాలయం ఆస్తి, డబ్బు, ఉద్యోగాలు, నియమాలు అన్నిటికీ బాధ్యత వీరిదే. “ఈ విద్యా సంవత్సరం నుంచి ఈ కోర్సు ప్రవేశపెట్టడానికి ఆమోదించడమైనది” అని తీర్మానం రాసి, నంబరు వేసినప్పుడే కోర్సుకు ప్రాణం వచ్చినట్టు. అత్యవసరమైతే వైస్ ఛాన్సలర్ ముందుగా నిర్ణయం తీసుకుని, తర్వాత సమావేశంలో పెట్టి ఆమోదం తీసుకుంటారు. దాన్ని ర్యాటిఫికేషన్ అంటారు.

ఐదో మెట్టు అనుబంధ గుర్తింపు. విశ్వవిద్యాలయం కోర్సును ఆమోదించినంత మాత్రాన ప్రతి కాలేజీకీ దాన్ని చెప్పే హక్కు రాదు. తనిఖీ బృందం వచ్చి గదులు, ల్యాబులు, లైబ్రరీ, అధ్యాపకుల అర్హతలు చూస్తుంది. ఫలానా కాలేజీలో ఫలానా కోర్సుకు ఇన్ని సీట్లు అని ఉత్తర్వు ఇస్తారు. రాష్ట్రస్థాయిలో ఉన్నత విద్యామండలి, ప్రభుత్వం అనుమతులు కూడా ఇందులో కలుస్తాయి. ఈ మెట్ల వరుస ఒక్కోసారి కొంచెం అటూ ఇటూ కావచ్చు కానీ ఏ మెట్టూ తప్పిపోకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోర్సు ఆమోదం వేరు, పోస్టుల మంజూరు వేరు. పాలకమండలి కోర్సుకు ఒప్పుకుని, ఖర్చు మాత్రం విద్యార్థుల ఫీజుల నుంచే రావాలంటే దాన్ని సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అంటారు. పట్టా చెల్లుతుంది. కానీ ఫీజు ఎక్కువ, గెస్ట్ లెక్చరర్ల మీద ఆధారపడడం ఎక్కువ. మనలాంటి వారికి ఆమోదం ఎంత ముఖ్యమో, ఏ పద్ధతిలో ఆమోదించారన్నదీ అంతే ముఖ్యం.

కోర్సును మార్చడం అంటే?

ఊరు మారితే చదువూ మారాలి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. చెనక్కాయ చేలు ఉన్నచోట షిఫ్టు బస్సులు తిరగడం మొదలయ్యాక, “బి.ఏ. చదివి ఏం చేస్తావు?” అనే ప్రశ్న మన ఇళ్లలో ఎక్కువైంది. అలాంటి ప్రశ్నలే రాష్ట్రమంతా వినబడుతుంటే ఉన్నత విద్యామండలి, విశ్వవిద్యాలయాలు కోర్సులను పునర్వ్యవస్థీకరిస్తాయి. అంటే ఉన్నవాటిని విడదీసి, కలిపి, కొత్త వరుసలో పెడతాయి.

అలాంటి మార్పు మేమే చూశాం. మేము డిగ్రీలో చేరింది 2020–21లో. కరోనా వల్ల ఆలస్యమైన ఆ ఏడాదే ఆన్‌లైన్ ప్రవేశాలు మొదలయ్యాయి, ఆ ఏడాదే డిగ్రీ స్వరూపమూ మారింది. మూడేళ్ల చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. నాలుగో ఏడాది చదివితే ఆనర్స్ అన్నారు. మా సీనియర్లకు ఇవేవీ లేవు. “మీ మీద ప్రయోగం చేస్తున్నారు” అని నవ్వినవారు ఉన్నారు. సమాజ సేవా ప్రాజెక్టు కింద మేము మగ్గాల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరెంత వరకు చదివారో రాసుకున్నాం. బడి మానేసిన పిల్లల పేర్లు రాస్తుంటే మా చిన్ననాటి స్నేహితులే ఎదురయ్యారు. ఆ రెండు నెలల పని మాకు పుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది. చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్ మాత్రం అందరికీ ఒకేలా దొరకలేదు. బస్సు చార్జీలు పెట్టుకోగలిగినవారు మంచి చోటికి వెళ్లారు. లేనివారు దగ్గర్లో దొరికినదానితో సరిపెట్టుకున్నారు. కాగితం మీద అందరికీ ఒకే క్రెడిట్లు పడ్డాయి.

2023–24లో మరో మార్పు వచ్చింది. అంతవరకు బి.ఎస్సీ. అంటే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం లాంటి మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్లం. కొత్త విధానంలో ఒక మేజర్, ఒక మైనర్. ఒక సబ్జెక్టును లోతుగా చదవాలి, ఇంకొకదాన్ని తోడుగా చదవాలి. 2020 నాటి జాతీయ విద్యా విధానం, దాన్ని అనుసరించి 2022 డిసెంబరులో యు.జి.సి. ఇచ్చిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం దీనికి ఆధారం. ఆ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఆమోదం లోపిస్తే ఎంత పెద్ద సంస్థకైనా చిక్కు తప్పదు. 2013లో ఢిల్లీ విశ్వవిద్యాలయం మూడేళ్ల డిగ్రీని తీసివేసి నాలుగేళ్ల డిగ్రీ పెట్టింది. విశ్వవిద్యాలయం లోపలి సభలు ఒప్పుకున్నాయి, అధ్యాపకుల్లో చాలామంది వద్దన్నారు. ఒక బ్యాచి చేరి ఏడాది చదివింది. 2014 జూన్ 20న యు.జి.సి. ఆ విధానంలో ప్రవేశాలు ఆపి, మూడేళ్ల డిగ్రీలోనే చేర్చుకోవాలని ఆదేశించింది. వారం రోజులు తర్జనభర్జన జరిగి, జూన్ 27న విశ్వవిద్యాలయం నాలుగేళ్ల కోర్సును వెనక్కి తీసుకుంది. మధ్యలో ఉన్న పిల్లలను మూడేళ్ల కోర్సులోకి సర్దుబాటు చేయాల్సి వచ్చింది. అదే విశ్వవిద్యాలయం 2022–23లో కొత్త విద్యా విధానం కింద మళ్లీ నాలుగేళ్ల డిగ్రీ తెచ్చింది. ఈసారి వెనుక యు.జి.సి. ఉంది.

దీనిలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, లోపలి ఆమోదం ఒక్కటే చాలదు, పైనున్న చట్టానికి కూడా అది సరిపోవాలి. రెండు, కోర్సు రద్దయినా చేరిన పిల్లలను రోడ్డు మీద వదిలిపెట్టలేదు, సర్దుబాటు చేశారు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో ఉంటే కలిగే రక్షణ అదే.

ఆ రక్షణ లేని చోట

మాతోపాటు ఇంటర్ చదివిన ఒక స్నేహితుడున్నాడు. వాళ్లమ్మ ధర్మవరంలో కూలి మగ్గం నేస్తుంది. తెలిసినవారు చెప్పారని పొరుగు రాష్ట్రంలో ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. కోర్సు పేరు ఇంగ్లీషులో గొప్పగా ఉంది, కరపత్రం మీద డిగ్రీ అని ఉంది. “అనుమతికి దరఖాస్తు పెట్టాం, వచ్చేస్తుంది” అన్నారు. వాళ్లమ్మ కమ్మలు కుదువపెట్టి మొదటి ఏడాది ఫీజు కట్టింది. పరీక్షలు దగ్గరపడ్డాక ఏ విశ్వవిద్యాలయం నుంచీ హాల్‌టికెట్ రాలేదు. గట్టిగా అడిగితే మేమే సర్టిఫికెట్ ఇస్తామన్నారు. గుర్తింపు లేని కోర్సు కాబట్టి స్కాలర్‌షిప్ కూడా రాలేదు.

వాడు ఇంటికి వచ్చి నెల రోజులు ఎవరితో మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం “పోయింది ఏడాదే కదా నాయనా, నువ్వుండావు, చాలు” అన్నదట. మరుసటి ఏడాది ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మళ్లీ మొదటి సంవత్సరంలో చేరి, మా కన్నా ఒక ఏడాది వెనుకగా పాసయ్యాడు. కమ్మలు ఇంకా విడిపించలేదు.

వాడు తెలివితక్కువవాడు కాడు, మాకంటే మార్కులు ఎక్కువ వచ్చినవాడు. “దరఖాస్తు పెట్టాం” అనే మాటకూ “ఆమోదం వచ్చింది” అనే మాటకూ ఉన్న తేడా వాడికి చెప్పినవారు లేరు, అంతే. మాకు కూడా అప్పుడు తెలియదు.

చేరే ముందు చూసుకోవలసినవి

తమ్ముళ్లూ, ఈ భాగాన్ని నోట్‌బుక్కులో రాసుకోండి. ఇంటర్ చదివే తమ్ముళ్లకు, ఇంటి దగ్గరున్న చెల్లెళ్లకు చెప్పండి.

1. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? దాని పేరు యు.జి.సి. జాబితాలో ఉందా? నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యు.జి.సి. ప్రకటిస్తుంది. రెండూ చూడండి.

2. మీరు చేరే కాలేజీకి, మీరు చేరే కోర్సుకు, మీరు చేరే సంవత్సరానికి అనుబంధ గుర్తింపు ఉందా? కాలేజీకి ఉన్నంత మాత్రాన కొత్త కోర్సుకు ఉన్నట్టు కాదు. ఉత్తర్వు చూపించమని మర్యాదగా అడగండి. నిజంగా ఉన్నవారు కోప్పడరు.

3. సీట్లు ఎన్ని? 60 సీట్ల అనుమతి ఉంటే 61వ విద్యార్థికి చిక్కే.

4. వృత్తి విద్య అయితే మరో సంస్థ ఆమోదం కూడా కావాలి. బి.ఎడ్.కు ఎన్.సి.టి.ఇ., ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్. 2024–25 నుంచి బి.సి.ఏ., బి.బి.ఏ. కోర్సులు కూడా ఏ.ఐ.సి.టి.ఇ. పరిధిలోకి వచ్చాయి.

5. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఆ కాలేజీ, ఆ కోర్సు పేరు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే డబ్బు కట్టే ముందే మన వార్డెన్ సార్‌ను గానీ సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ అడగండి.

6. మీరు ఏ సంవత్సరపు రెగ్యులేషన్స్ కింద చేరారో తెలుసుకుని, ఆ సిలబస్ ప్రతి ఒకటి మీ ట్రంకుపెట్టెలో దాచుకోండి. తర్వాత కోర్సు మారినా సాధారణంగా మీరు చేరిన నియమాలే మీకు వర్తిస్తాయి. ఫెయిలైన పేపర్లు మిగిలితే మాత్రం పాత సిలబస్‌తో పరీక్షలు కొంతకాలమే పెడతారు. ఆ గడువు దాటనివ్వకండి.

7. ఆ డిగ్రీ తర్వాత ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు? పి.జి. ప్రవేశానికి, బి.ఎడ్.లో మెథడాలజీకి, ఉపాధ్యాయ ఉద్యోగానికి డిగ్రీలో చదివిన సబ్జెక్టులే లెక్క. మేజర్, మైనర్ ఎంచుకునేటప్పుడే ఆ నోటిఫికేషన్లు ఒకసారి చదవండి. స్నేహితుడు తీసుకున్నాడని తీసుకోవద్దు.

8. అనుమానం తీరకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పాలకమండలి తీర్మానం ప్రతి కావాలని విశ్వవిద్యాలయ సమాచార అధికారికి తెల్ల కాగితం మీద రాసి పంపవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాలవారు ఆధారం జతపరిస్తే ఫీజు కూడా కట్టనక్కరలేదు.

తమ్ముడికి జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సింగిల్ మేజర్ డిగ్రీ చెల్లుతుందా? చెల్లుతుంది. దాని వెనుక చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం ఉంది, ఉన్నత విద్యామండలి నిర్ణయం ఉంది, యు.జి.సి. చట్రం ఉంది, బి.ఎస్సీ. అనే గుర్తింపు పొందిన పేరు ఉంది. మూడు సబ్జెక్టులు చదివిన మా డిగ్రీ ఎంత డిగ్రీయో, ఒక మేజర్ చదివే నీ డిగ్రీ కూడా అంతే డిగ్రీ. తేడా ఎక్కడంటే, మాకు మూడు తలుపులు కొద్దికొద్దిగా తెరుచుకున్నాయి, నీకు ఒక తలుపు బాగా, ఇంకొకటి కొంతగా తెరుచుకుంటాయి. కాబట్టి నీ మేజర్‌ను గట్టిగా పట్టుకోవాలి. మైనర్‌ను ఊరికే వదిలేయకూడదు.

మీ మామను తప్పు పట్టవద్దు. ఆయన విన్నది ఆయన చెప్పాడు. ఈ వ్యాసం ఆయనకు చదివి వినిపించు. వినకపోతే మమ్మల్ని పిలువు, ఆదివారం మేమే వచ్చి మాట్లాడతాం. చదువు మాత్రం నిలపవద్దు.

అన్నలకు ఒక విన్నపం. మీలో కొందరు అధ్యాపకులయ్యారు, కొందరు కార్యాలయాల్లో పనిచేస్తున్నారు. కోర్సులు మార్చే సమావేశాల్లో మన హాస్టల్ పిల్లల మాట వినిపించేవారు తక్కువ. ఇంటర్న్‌షిప్‌కు బస్సు చార్జీ ఎవరు పెట్టుకుంటారు, కొత్త కోర్సుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నాడా, సిలబస్ మారిన ఏడాది లైబ్రరీకి పుస్తకాలు వచ్చాయా అన్న ప్రశ్నలు అడగవలసింది మీరే. కోర్సు మారినప్పుడల్లా మన హాస్టల్‌కు వచ్చి ఒక ఆదివారం పిల్లలకు వివరించినా చాలు. వేసవిలో, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో అయితే మరీ మంచిది. మా స్నేహితుడు మోసపోయింది ఆ వారంలోనే.

మా ఇళ్లలో మొదటి పట్టా మాదే. అది వచ్చిన రోజు మా నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “దీని మీద ఇంతమంది సంతకం పెట్టినారా?” అన్నాడు. అప్పుడు నవ్వాం. ఇప్పుడు అర్థమైంది. కనిపించే సంతకాలు కొన్నే, కనిపించని సంతకాలు చాలా ఉన్నాయి. వాటన్నిటి కింద చివరి సంతకం మనం చదివిన గంటలది. మిగతావి ఎవరు పెట్టినా, ఆ ఒక్కటి మనమే పెట్టాలి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.